మీరు దాచిన సీసాలు

అత్తమ్మా,

మీరు పోయి నిన్నటికి ఏడాది. ఇక్కడ జర్మనీలో కైసర్స్‌లౌటర్న్ ఊరు దాటాక పొలాల మధ్య ఉన్న ఒక కొట్టుకు వెళ్ళాను. అమెరికాలో గుర్రబ్బండ్ల మీద తిరిగే ఆమిష్ వాళ్ళకు ఈ కొట్టువాళ్ళు దూరపు చుట్టాలట. పప్పులూ గింజలూ అన్నీ విడిగా అమ్ముతారు, సీసాలు మనమే తెచ్చుకోవాలి.

లోపల లైటు వేయలేదు. కిటికీ ఎండలో పిండి నలుసులు మెల్లగా తేలుతున్నాయి. గోధుమల పెట్టెలో మీరైతే మోచేతిదాకా చెయ్యి ముంచేవారు. నేనూ ముంచాను. చెరువు నీళ్ళలా చల్లగా ఉంది. అలా ఎంతసేపు నిలబడ్డానో!

కొట్టు పెద్దావిడ సీసా మీది మీ చీటీ చూసి, "ఇదేం రాత?" అంది.

"మా అత్తమ్మది. కందిపప్పు అని రాసింది."

ఖాళీ సీసా బరువు రాసిన తన చీటీని మీ చీటీ పక్కన, దానికి తగలకుండా అంటించింది.

ఇక్కడున్న మూడు నెలలూ మీరు జామ్ సీసాలు కడిగి దాస్తుంటే విసుక్కునేదాన్ని. "పారెయ్యకు బిడ్డా, ఎప్పుడన్న అక్కరకొస్తయి" అనేవారు.

మీకు చెప్పలేదు. మిమ్మల్ని విమానం ఎక్కించిన సాయంత్రమే వాటిని వీధి చివర పాత గాజు సీసాలు వేసే కంటైనర్‌లో పడేశాను. ఒక్కొక్కటీ పగులుతుంటే హాయిగా అనిపించింది కూడా. కింద కెల్లర్‌లో, ఆ నేలమాళిగలో, నా కంటపడనివి మూడే మిగిలాయి.

నిన్న ఆ మూడూ నిండాయి. మీకిష్టమైన ఎండు బఠాణీలు దోసిట్లోకి తీసుకుని, ఇంకో సీసా లేక మళ్ళీ పెట్టెలోనే పోసి వచ్చాను.