పలక తలుపులకు నా సంతకం

మంగళవారం, రాత్రి

ఇయ్యాల మున్సిపల్ ఆఫీసుల మా సంగారెడ్డి పాత బజార్ దుకాణాల మీటింగ్. దుకాణం ముందు భాగం మార్చుకుంటమని పెట్టిన దరఖాస్తులు ఒక్కొక్కటే సదివి, మా వ్యాపారుల కమిటీని అడుగుతున్నరు. మూడోది మా పక్క బట్టల దుకాణం యాదన్నది. చెక్క పలకల తలుపులు పీకేసి అద్దాలు, ఇనుప షట్టర్ పెడతడంట.

పలకలు తీయొద్దని బజారంత తిరిగి అందరిని ఒప్పించింది నేనూ యాదన్నే. లేచి, "మేం ఒప్పుకోం" అన్న. ఇంజినీరు మేడం కాగితం నా దిక్కు తిప్పింది.

"పక్క దుకాణం నుంచి అభ్యంతరం లేదని మీరే సంతకం పెట్టారు కదండీ."

నా సంతకమే. పోయిన నెల యాదన్న "తమ్మీ, జెర సంతకం పెట్టు" అని తెచ్చిండు. ఏందని అడగలే. ఇరవై ఏండ్ల సంది ఆయన కాగితం మీద నేను, నా కాగితం మీద ఆయన సదవకుండనే పెడతం. కమిటీ అంత నన్నే సూసింది. యాదన్న ఫోన్ సూసుకుంట కూసున్నడు.

షట్టర్ కావాలంటే నాతోటి చెప్పొచ్చు గదా. కొట్లాడుకుందుము, అంతే.

పొద్దుమూకినంక దుకాణం బంద్ చేస్తున్న. ఆఖరి పలక గాడిలకు దిగాలంటే ఇద్దరు పట్టాలె. రోజు లెక్కనే వచ్చి, ఏం కానట్టు ఆయన చెయ్యేసిండు. పలక దిగింది.

ఇగ అలవాటు కొద్ది నేనూ పోయి ఆయన ఆఖరి పలక పట్టిన.