గోడ మీది కొరికిన రొట్టె

కోకండ్,
ఫిబ్రవరి 26, మధ్యాహ్నం

చెల్లి హుల్కార్‌కి,

అక్క మస్తూరా సలాములు. ఇక్కడ అందరం క్షేమం, అమ్మ మోకాళ్లు తప్ప. కజాన్‌లో నువ్వూ, విరిగి అతుక్కున్న నీ కాలూ, నీ పళ్ల ఆసుపత్రీ క్షేమమని తలుస్తాను. నిన్ను అడిగినట్టు రాయమని మీ బావ ఎర్గష్ రెండుసార్లు చెప్పారు.

ముందుగా ఒక ప్రశ్న. ఏళ్ల తరబడి మోస్తున్నాను. కాలేజీలో పిల్లలకి తర్కం పాఠం చెప్పి పొట్ట పోసుకునేదాన్ని, దీనికి మాత్రం జవాబు దొరకలేదు. కళ్లెదుట తిరిగే మనిషి కంటే కంటికి కనిపించని మనిషే ఎందుకంత ముద్దొస్తుంది? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, సరే. కానీ ఆ పెరటి చెట్టే రోజూ అమ్మ మోకాళ్లకి నూనె రాస్తుంటే?

ఫోన్లో చెప్పే సంగతి అయితే ఉత్తరం రాసేదాన్ని కాదు. నీ ఫోను మోగగానే అమ్మ వచ్చి నా పక్కన చేరుతుంది, నీ మాట గదంతా వినబడేలా పెట్టమంటుంది. అందుకని పక్కింటి సలోమత్ పిన్ని కొడుకును చూడ్డానికి మీ ఊరు వస్తోందంటే ఆవిడ చేతికి ఇస్తున్నాను.

నౌరోజు పండక్కి నువ్వొస్తున్నావని తెలిసిన రోజు నుంచి ఇల్లు ఇల్లులా లేదు. నీకు ఇష్టమని ఆప్రికాట్ పండ్ల మురబ్బా సీసాలు అటకెక్కాయి, ఎర్గష్ చెయ్యి అందకుండా. మొన్న ఆయన పరుపుల గలేబులూ తన కొత్త ఎర్ర చొక్కానూ కలిపి ఉతికేశారు. నీ పక్కబట్టలన్నీ గులాబీ రంగు తేలాయి. ఇల్లరికం వచ్చి ఇరవై ఏళ్లయినా అల్లుడికి బట్టలుతికే మిషను చేతకాదని అమ్మ అంది. ఆయన మాత్రం హుల్కార్‌కి గులాబీ రంగంటే ఇష్టమే కదా అన్నారు. నీ పేరు చెబితే చాలు, ఈ ఇంట్లో ఏ తప్పైనా మాఫీ. చూశావా, ఆయనకి కూడా ఆ కిటుకు తెలుసు.

నిన్న పిలావులోకి క్యారెట్లు కోశాను. క్లాసుకి టైమైపోతోందని కాస్త లావుగా తెగాయి. అమ్మ నన్నేమీ అనలేదు. వంటింటి తలుపు పైన వేలాడే నీ రొట్టె వైపు తిరిగి, "చూశావా తల్లీ, ఇవి క్యారెట్లా, పొయ్యిలో కట్టెలా?" అని అడిగింది. నువ్వు జన్మలో ఒక్క క్యారెట్ కొయ్యలేదు హుల్కార్. అయినా నీ రొట్టె నాకంటే బాగా కోస్తుంది.

ఇక అసలు సంగతి. నువ్వు వెళ్లిన రోజు పొద్దున్న అమ్మ కొత్త రొట్టె తెచ్చి నీ నోటికి అందించింది. నువ్వు ఒక్క ముక్క కొరికావు, మిగతాది ఆవిడ వంటింటి తలుపు పైన మేకుకి తగిలించింది. మన ఆచారం అదే కదా, ఊరు వెళ్లిన మనిషి తిరిగొచ్చి మిగిలింది తినాలి, అందాకా అది అక్కడే ఉండాలి. ఈ నాలుగేళ్లూ ప్రతి శుక్రవారం దాన్ని దించి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ తగిలిస్తోంది. నా కోసం ఎప్పుడూ ఏ రొట్టే మేకు ఎక్కలేదు. నేనెక్కడికైనా వెళితే కదా. తాష్కెంటులో ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అమ్మ మోకాళ్లు చూసి ఆగిపోయాను. నలభై మూడేళ్ల మనిషి ఎండు రొట్టె మీద కుళ్లుకుంటుందా అని నవ్వుతావు. నవ్వుకో.

నువ్వు వెళ్లిన వారానికి వంటింటికి సున్నం వేయించాం. నేనే ఆ రొట్టె దించి కిటికీలో పెట్టాను, పక్కనే ఎండిపోయిన రొట్టెలు ఉన్నాయి. సాయంత్రం ఎప్పటిలాగే ఎండు రొట్టెలన్నీ బకెట్లో నానేసి సలోమత్ పిన్ని ఆవుకి పెట్టాను. చూసుకోలేదు. తిరిగొచ్చాక ఖాళీ మేకు కనిపించింది. పరుగెత్తాను. ఆ ఆవు నావైపు తాపీగా చూస్తూ నెమరు వేస్తోంది.

అమ్మ అప్పుడు ఎవరింట్లోనో పెళ్లిలో ఉంది. అదే రొట్టెలవాడి దగ్గర మధ్యలో అదే పువ్వు అచ్చు వేసిన రొట్టె కొన్నాను. నేనే కొరికాను. డాబా మీద మూడు రోజులు ఎండబెట్టి, సున్నం ఇంకా ఆరలేదని అబద్ధం చెప్పి, నాలుగో రోజు మేకుకి తగిలించాను. తర్వాత గుర్తొచ్చింది, నీ ముందు పళ్ల మధ్య సందు ఉంది, నాకు లేదు. చాకుమొనతో కొంచెం చెక్కబోతే సగం అంచు ఊడొచ్చింది, అక్కడితో మానేశాను.

ఆ తర్వాతి శుక్రవారం అమ్మ దాన్ని దించింది. నా పంటి గాట్ల మీద గుడ్డతో తుడిచింది, చాలాసేపు. "నా బంగారు తల్లీ" అంది. గుమ్మంలో నిలబడిన నాకు ఒళ్లు పులకరించింది. ఆ మాట ఆవిడ నాతో ఎప్పుడన్నదో గుర్తు కూడా లేదు. మరుక్షణం నీమీద మండుకొచ్చింది, ఎందుకంటే ఆవిడ అన్నది నిన్ను.

ఆ ఏడాది నువ్వు ఇంటికి రావాల్సిన ప్రయాణం ఆగిపోయింది. మరుసటేడు మంచు మీద పడి కాలు విరగ్గొట్టుకున్నావు. రొట్టె పోతే మనిషి రాదంటారు కదా. తర్కం చెప్పే నేను, నీ ఎముక అతికేదాకా ఆ ఆవు ముఖం చూడలేకపోయాను.

ఇప్పుడు నువ్వొస్తున్నావు. గుమ్మం దాటగానే అమ్మ ఆ రొట్టె నీ చేతిలో పెడుతుంది. నువ్వు పళ్ల డాక్టరువి, చూడగానే పట్టేస్తావు. నా ప్రార్థన ఒక్కటే: ఇవి నా పంటి గాట్లు కావని అనకు. టీలో ముంచుకుని నమిలెయ్యి. ఈ ఇంట్లో నామీద అమ్మకి ఉన్నది నమ్మకం ఒక్కటే, ముద్దంతా నీదేగా. అది కూడా పోతే నా దగ్గరేం మిగలదు.

నీ రాక కోసం, నిజంగానే, ఎదురు చూసే
అక్క
మస్తూరా

తా.క. ఫిబ్రవరి 28, శుక్రవారం.

సలోమత్ పిన్ని ప్రయాణం రెండు రోజులు వాయిదా పడింది. కవరు అంటించకుండా నా సంచిలోనే ఉండిపోయింది. ఇవాళ పొద్దున్న అమ్మ రొట్టె తుడుస్తుంటే, ఎందుకో ఆగలేక, అది హుల్కార్ రొట్టె కాదమ్మా అనేశాను.

ఆవిడ చెయ్యి ఆగలేదు.

"తెలుసులేవే. ఇద్దరికీ పాలిచ్చినదాన్ని, ఎవరి పళ్లు ఎవరివో తెలీదా? మొదటి శుక్రవారమే చూశాను."

ఆవుకి పెట్టిన సంగతి చెప్పాను. బకెట్లో వేసేటప్పుడు కొరికిన అంచు చేతికి తగల్లేదా అని అడిగింది. నాలుగేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది, నేను కూడా నన్ను అడగలేదు. నీకు పైన చూసుకోలేదని రాశాను. చూడలేదన్నది నిజం. కానీ బొటనవేలికి తగిలింది హుల్కార్. గరుకుగా, అర్ధచంద్రంలా. అమ్మకి అదే చెప్పాను.

ఆవిడ గుడ్డ దులిపి మడత పెట్టింది. మరి ఇన్నేళ్లూ ఎందుకు తుడిచావని అడిగాను.

"దుమ్ము పడుతుంది కదే" అని, నా భుజం ఊతగా పట్టుకుని స్టూలెక్కి, దాన్ని మళ్లీ మేకుకి తగిలించింది.

కాబట్టి నువ్వు వచ్చాక నీకు తోచింది అను, ఇక దాచేదేం లేదు. క్యారెట్ల గురించి ఆవిడ చేసిన ఫిర్యాదులన్నీ నా రొట్టెకే అన్నమాట. అంతవరకు నవ్వొచ్చింది. కానీ మొదటి శుక్రవారమే తెలుసంటే, ఆ రోజు ఆ గాట్లు తుడుస్తూ బంగారు తల్లీ అన్నది ఎవరిని? అమ్మ పక్కగదిలోనే ఉంది, పప్పు ఏరుతోంది. వెళ్లి అడగొచ్చు. రెండుసార్లు లేచి మళ్లీ కూర్చున్నాను. నన్నో, నిన్నో, నాకు ఇప్పటికీ తేలలేదు.