పీల్చకూడదట

ఫిబ్రవరి 5, సాయంత్రం, విశాఖ

పీకేశారు! కుడివైపు పైదీ కిందదీ, రెండు జ్ఞానదంతాలూ. ఇంజెక్షన్ దెబ్బకి సగం మూతి ఎక్కడుందో తెలియడం లేదు. మాట్లాడలేను కాబట్టి రాస్తున్నాను. పళ్లు నాకే ఇచ్చెయ్యమంటే డాక్టరమ్మ నవ్వి చిన్న డబ్బాలో వేసి ఇచ్చింది.

నెల్లాళ్ల నొప్పి పోయింది. ఇక పదకొండో తారీఖున పరీక్షే! మా కొండ కింది కాఫీ ల్యాబ్‌లో రెండేళ్లు కప్పులు కడిగాను. పాసయితే ఆ కప్పుల్లో కాఫీ రుచి చూసి మార్కులు వేసేది నేనే. అప్పుడు నా పేరు ముందు హోదా కూడా ఉంటుంది: జూనియర్ కప్పర్ కనక! అద్దం ముందు ఎన్నిసార్లు అనుకున్నానో.

డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. వేడి వద్దు, కారం వద్దు, గట్టిగా ఉమ్మొద్దు. పది రోజులు స్ట్రా పెట్టి తాగకూడదు, అసలు దేన్నీ పీల్చకూడదు. పీలిస్తే పన్ను గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడొస్తుందట. అప్పుడు పట్టపగలే చుక్కలు కనిపిస్తాయట. బుద్ధిగా తలూపాను.

ఆటో ఎక్కాక వెలిగింది. పీల్చకూడదు, ఉమ్మకూడదు! కప్పింగ్ అంటేనే అది కదా! స్పూన్‌లో కాఫీని జుర్రున పీల్చాలి, అది నోరంతా చిమ్మాలి, తర్వాత ఉమ్మెయ్యాలి. ఎంత చప్పుడొస్తే అంత రుచి తెలుస్తుంది. ఇప్పుడెలా?

ఫిబ్రవరి 6, రైల్లో

ఇంటికి పోతున్నాను, టైడా స్టేషన్ దాటాం. సొరంగం వచ్చిన ప్రతిసారీ బోగీ అంతా అరుస్తోంది. చిన్నప్పట్నుంచి నేను ఒక్క సొరంగం కూడా ఊరికే వదల్లేదు. ఇవాళ నోట్లో వేలు కూడా పట్టడం లేదు. మూసుకుని కూర్చున్నాను. ఎంత అన్యాయం!

ఫిబ్రవరి 6, ఇంట్లో

అవ్వ నా బుగ్గ చూసి, ఏటే గుంటా, పనసకాయ మింగీసినావేటి అంది. డబ్బా చూపించి, జ్ఞానదంతాలు అన్నాను. ఓలమ్మా, జ్ఞానం పీకించీసుకొని పరీచ్చకి ఎల్తావేటే అని ఒకటే నవ్వు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఎప్పుడు నవ్వినా ఆ చెయ్యి అడ్డమే. ఎందుకో నాకు తెలుసు. దీపావళి నాడు ఆవలిస్తుంటే చూశాను. అంగిట్లో తెల్లటి మచ్చ. నిన్న డాక్టరమ్మకి చెబితే ఆవిడ మొహం మారిపోయింది, వెంటనే తీసుకురమ్మంది. అవ్వ రానంటే రానంటుంది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే మనిషి, సూదంటే భయమట!

నాకు మాత్రం ఆ మచ్చంటే భయం.

ఫిబ్రవరి 7

చోడంబలి, అదే రాగి జావ. చల్లటిది. మూడు పూటలా.

ఫిబ్రవరి 8

సత్యకుమారి మేడమ్‌కి ఫోన్ చేశాను. ల్యాబ్‌లో నాకు పని నేర్పింది ఆవిడే. పరీక్ష వాయిదా కుదరదంది. ఎగ్జామినర్ బెంగళూరు నుంచి ఏడాదికోసారే వస్తారట. పీల్చకుండా పాసైనవాళ్లని తన సర్వీసులో చూడలేదంది. అయినా నా మీద జాలేసి నాలుగు రకాల శాంపిల్ పొడి పంపింది.

వేడి తాగకూడదు కదా, కప్పులు చల్లారేదాకా కాపలా కాశాను. ముక్కుతో చూసి, చెంచాడు నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచాను. ఊయల్లో పిల్లని ఊపినట్టు. పీల్చలేదు, ఉమ్మలేదు, మింగేశాను. మొదట ఏమీ తెలియలేదు. నాలుగోసారికి దొరికింది! ఒక కప్పులో పులుపు తేడాగా ఉంది. అది వేడిగా ఉన్నప్పుడు వాసనకి అస్సలు అందలేదు. వేడిలో దాక్కున్నవన్నీ చల్లారాక బయటికొస్తున్నాయి. మేడమ్‌కి చెబితే కరెక్టేనంది!!

గెంతబోతే కుట్లు లాగాయి.

ఫిబ్రవరి 9

పందెం! నేను పాసయితే అవ్వ తన నోరు డాక్టరమ్మకి చూపించాలి. కొండదేవత మీద ఒట్టు వేయించాను. ఇంత సులువుగా ఎలా ఒప్పుకుందా అనుకున్నాను. మేడమ్ ఫోన్లో అన్నది వినేసిందట. పీల్చకుండా ఎవులూ నెగ్గలేదంట కదే, ఇంక నీకెలాగొత్తాది అని తీరుబడిగా నవ్వింది.

స్పీకర్ పెట్టిన నన్ను అనాలి.

ఫిబ్రవరి 10

అవ్వ నిన్నట్నుంచి ఇంట్లో చుట్ట వెలిగించడం లేదు. పనసచెట్టు కిందకి పోయి, చలిలో దుప్పటి కప్పుకుని కాలుస్తోంది. ఎందుకని అడిగితే, పొగొత్తే నీ ముక్కుకి అడ్డం కాదేటి అంది. నేను ఓడిపోవాలని పందెం కాసిన మనిషి!

ఫిబ్రవరి 11

అంతా వరసగా రాయాలి.

వరసకి మూడు కప్పులు. రెండిట్లో ఒకే కాఫీ, మూడోది వేరు. ఆ వేరుదాన్ని పట్టాలి. గది నిండా జుర్రు, జుర్రు. నేనొక్కదాన్నే చేతులు కట్టుకుని కాఫీ చల్లారడం కోసం నిలబడ్డాను. ఎగ్జామినర్ వచ్చి, రుచి చూడవేంటమ్మా అన్నారు. పళ్ల సంగతి చెప్పాను. టైమ్ అయ్యేలోపు ఎలా చూసుకుంటావో నీ ఇష్టం అన్నారు.

అందరూ ముగిస్తున్నప్పుడు నేను మొదలుపెట్టాను. మొదటి వరసలో దొరికింది. రెండో దాంట్లో దొరికింది. ఎంత ఉషారొచ్చిందంటే ఒక్కో కప్పూ పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది! ఆ ఉషారే కొంప ముంచింది. ఆఖరి వరసకి రాగానే ఒళ్లు మర్చిపోయి జుర్రున పీల్చేశాను.

చురుక్కుమంది. నోరంతా రక్తం రుచి. మూడు కప్పులూ ఒకటే, ఇనుము నాకినట్టు. గుడ్డిగా ఒకటి రాసినా తగలొచ్చు. మధ్య కప్పు నంబర్ రాయబోయాను కూడా, అవ్వ నోరు గుర్తొచ్చి. నాలుక చెప్పనిది నువ్వు చెప్పకు అని మేడమ్ మొదటి రోజే నేర్పిన మాట. ఆ వరస ఖాళీగా వదిలేశాను.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. దూది కరిచిపట్టుకోమంది. రక్తం ఆగింది. ఏడుపు ఆగలేదు. ఒక్క వరసతో అవ్వ పందెం నెగ్గేస్తే?

ఫిబ్రవరి 12

పాస్! పాస్! పాస్!

ఎగ్జామినర్ నన్ను పిలిచి, ఆ వరస ఎందుకు వదిలేశావని అడిగారు. అప్పుడు నా నోట్లో కాఫీ రుచి లేదండీ, నాకు తెలియలేదు అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాలుక పనిచెయ్యకపోతే పనిచెయ్యడం లేదని చెప్పేవాళ్లే ఈ పనికి కావాలన్నారు. మిగిలిన వరసలన్నీ కరెక్ట్. మేడమ్ తన స్పూన్ నాకిచ్చేసింది!

కొండ ఎక్కుతూనే అరుద్దామనుకున్నాను. కుట్లున్నాయి. మూసిన నోటితోనే ఇల్లంతా గిరగిరా తిరిగాను. అవ్వకి అర్థమైపోయింది. అయితే ఆ మేడమ్ అబద్దమాడినాదేటి అంది. తర్వాత లేచి పెట్టెలోంచి కొత్త కోక తీసింది. బేగి ఎల్లి బేగి వచ్చీయాల, మేకలున్నాయి అంది.

ఫిబ్రవరి 14, రైల్లో

అవ్వ రైలెక్కడం ఇదే మొదటిసారి. కిటికీ కమ్మీ వదలడం లేదు. డబ్బాలో నా పళ్లు అడిగి తీసుకుని కొంగున ముడేసుకుంది. ధైర్యానికట.

సొరంగం వచ్చింది. అంతా చీకటి. బోగీ అరిచింది. అందరికంటే గట్టిగా, నా పక్కనే, నేనెప్పుడూ వినని గొంతు ఒకటి.

వెలుతురొచ్చింది. అవ్వ నోరు ఇంకా తెరిచే ఉంది. చెయ్యి అడ్డం లేదు.