నఫిరి ఇంటి రేకులు

చికోలా గ్రామం, జోంబా జిల్లా
నవంబరు 9, ఆదివారం

మిత్రుడు లింబికానీకి,

నువ్వు బాగుంటే ఇక్కడ మేమూ బాగున్నట్టే. మన మలావీలో ఉత్తరం ఇలాగే మొదలవ్వాలి కాబట్టి రాశాను. నిజానికి మన మధ్య మాటల్లేక ఏడాది కావస్తోంది. ఫోనులో అయితే నాకు కోపం వస్తుంది, నువ్వు పెట్టేస్తావు. కాగితం మీద నన్ను మధ్యలో ఆపలేవు. అందుకే దీన్ని మినీబస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

ముందు ఊరి కబుర్లు. మొక్కజొన్నకు చేలు సిద్ధం చేసి వాన కోసం చూస్తున్నాం. మామిడికాయలు ఇంకా పిందెలే, అయినా పిల్లలు ఉప్పద్దుకుని ముగించేస్తున్నారు. మీ అమ్మ బాగానే ఉంది. మోకాలి నొప్పి సంగతి నీకు చెప్పొద్దంది, చెప్పేశాను.

ఇక నఫిరి విషయం. కిందటేడు నువ్వు సాయం ఆఫీసు వాళ్ల మోటారు సైకిలు మీద వచ్చి, పలకలాంటి యంత్రం పట్టుకుని ఇంటింటికీ తిరిగావు. మేకలెన్ని, రోజుకు ఎన్ని పూటలు తింటారు, ఇంటి కప్పు గడ్డా రేకా అని అడిగావు. ఊళ్లో అందరికంటే పేద ఇళ్లకు రెండు నెలలకోసారి డబ్బు వస్తుందన్నావు. తర్వాత వచ్చి పేర్లు చదివావు. మీ అమ్మ పేరుంది. మనవలను ఒంటిచేత్తో సాకుతున్న ముసలి నఫిరి పేరు లేదు. రేకుల ఇల్లు కదా, యంత్రమే ఆమెను ఉన్నవాళ్లలో వేసిందనీ, నువ్వు వేయలేదనీ చెప్పావు.

నఫిరి కోప్పడలేదు. "అలాగా నాయనా. ఈ రేకులు ఎంతసేపు ఉడికిస్తే మెత్తబడతాయో అది కూడా దాన్నే అడిగి చెప్పు" అంది. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. అప్పుడే నేను నీ బండి తాళం లాక్కుని వాగులోకి విసరబోయాను. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఆ రేకులు ఎలా వచ్చాయో నీకు తెలుసు. నీ యంత్రంలో దానికి గడి లేదు కాబట్టి మళ్లీ రాస్తున్నాను. ఆమె మొగుడు పొగాకు ఎస్టేటులో చాకిరీ చేసి చేసి, చివరికి ఆకు ఆరబెట్టే కొట్టంలో దూలం మీంచి పడి చనిపోయాడు. దొర శవాన్ని ట్రాక్టరులో పంపిస్తూ, పాత కొట్టం మీది రేకులు కూడా అందులోనే వేయించాడు. దాంతో లెక్క తీరిపోయిందన్నాడు. అదీ ఆమె కలిమి. ఊరంతా విత్తనాలు దాచుకునేది ఆ కప్పు కిందే. చిన్నప్పుడు మన ఇళ్లు కారుతుంటే మనిద్దరం అక్కడే పడుకునేవాళ్లం. నేను నిద్రపోయేవాణ్ని. నువ్వు మాత్రం రేకుల మీద వాన చప్పుడు వింటూ కూర్చునేవాడివి.

ఎస్టేటు కొండవాలు పొడుగునా ఉంది. దొర ఇంటికి గదులెన్ని, కంచె ఎంతదాకా పోయింది, దాని లోపల మా తాతల చేలెన్ని పడ్డాయి అని అడగడానికి ఏ పలకా వెళ్లలేదు. ఇక్కడ అందరం పీకల్లోతు నీళ్లలో ఉన్నాం. ఎవడు వేలెడు ఎక్కువ మునిగాడో కొలవడానికి మాత్రం జీతమిచ్చి మనిషిని పెట్టారు. కూలీ సంఘం కరపత్రాల్లో ఇలాంటి మాట చదివినప్పుడు నాకు పెద్దదిగా అనిపించింది. ఊళ్లో చూశాక మామూలు సంగతైపోయింది.

సాయం పంచుకున్న ఇంటి పేరు కొట్టేస్తారని నువ్వే హెచ్చరించి వెళ్లావు. కాబట్టి ఎవరూ పంచుకోలేదు. పొయ్యి వెలిగే వేళకు నఫిరి మనవలు మీ ఇంటి ముందు ఆడుకునేవారు. ఆడుకునే పిల్లల చేతిలో మొక్కజొన్న పిండితో వండిన ఎన్సిమా ముద్ద పెట్టడం పంచుకోవడం కిందికి వస్తుందో రాదో నాకు తెలియదు. ఫిబ్రవరిలో పాత గింజలు అయిపోయి, కొత్త పంట చేతికి రాక, అందరి కుండలూ సగానికి దిగాయి. ఆటలూ ఆగిపోయాయి. పెద్ద మనవరాలు బడి మానేసి ఎస్టేటులో ఆకు కట్టలు కట్టడానికి వెళ్లింది. తాత పడిన కొట్టంలోనే పని. ఈ ఏడు కూడా నఫిరి పేరు రాకపోతే ఆ పిల్ల తమ్ముడూ అక్కడికే వెళ్తాడు.

నువ్వు మళ్లీ లెక్కలకు వస్తున్నావని తెలిసి నేను ఊరిపెద్ద వాకిట్లో మాట్లాడాను. పనులాపి అందరం జిల్లా ఆఫీసుకు నడిచి వెళ్దామన్నాను. ఊరిపెద్ద శ్రద్ధగా విన్నాడు. "బాగా చెప్పావురా అబ్బాయ్. వాన పడి, విత్తనాలేసి, కలుపు తీశాక వెళ్దాం" అన్నాడు. అక్కడ కూర్చోవడానికి బెంచీలుంటాయా అని ఒకావిడ అడిగింది. మర్నాడు పొద్దున్నే ఆడవాళ్లు నిచ్చెన మోసుకుని నఫిరి ఇంటికి వెళ్లారు.

రేకులు ఊడదీశారు. వంకరపోయిన మేకులను రాతి మీద పెట్టి సాగగొట్టారు. ఆ ఇంటికి గడ్డి కప్పారు. మోయడానికి నన్నూ పిలిచారు, వెళ్లాను. నిన్న చిన్న జల్లు పడింది. పిల్లలు చాపను ఒక మూల నుంచి ఇంకో మూలకు లాక్కున్నారు. ఇది నాటకం కాదు. గడ్డి నిజమైన గడ్డే, కారిన నీళ్లూ నిజమైనవే.

గురువారం వస్తావట. నిన్ను అబద్ధం రాయమనడం లేదు. జాలిపడమని అసలే అడగను, జాలి మీద నాకు నమ్మకం లేదు. కప్పు గడ్డా రేకా అన్నచోట నీ కంటికి ఏది కనిపిస్తే అదే రాయి. ప్రతి గుమ్మం దగ్గరా అలాగే రాయి. అంతకంటే ఏమీ కోరను.

కోపం ఇంకా చల్లారని నీ నేస్తం,
మడలిత్సో

తా.క. రేకులు ఎక్కడున్నాయో రాయనని మాటిచ్చాను. తప్పుతున్నాను. అవి మీ అమ్మ ఇంటి మీద ఉన్నాయి. ఆలోచన ఆమెదే. ఆడవాళ్లు చీటీ డబ్బు వంతులవారీగా ఎత్తుకుంటారు కదా, ఇక మీదట కప్పూ అంతేనట, ఏడాదికో ఇల్లు. "రేకులు చూసి వాడు నఫిరి పేరు కొట్టేశాడు. ఇప్పుడు నా పేరూ కొట్టెయ్యనీ. ఏడాదంతా నేను తిన్నాను, ఇక ఆమె వంతు" అంది. ఊరి విత్తనాలు కూడా అక్కడికే చేర్చారు. గురువారం వాన పడితే రాత్రికి ఉండిపొమ్మంది. ఆ చప్పుడు వినడానికి ఈసారి నువ్వు ఇంకో ఇంటికి వెళ్లక్కర్లేదట.