చేతికందే దూరంలో

మన ఇంటి పెద్దదిక్కైన ఇల్లాలికి,

దీవించేంత పెద్దవాణ్ణి కాను కాబట్టి ప్రేమతో రాస్తున్నాను. నువ్వూ, పెద్దదీ, దాని కడుపులోని బిడ్డా కులాసాగా ఉన్నారని జట్టు మేనేజరు గారి చేతికిచ్చి పంపిన నీ ఉత్తరం వల్ల తెలిసి ప్రాణం కుదుటపడింది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఆస్పత్రిలో చిన్నది కిందటి వారం కంటే నయం. అంతకు మించి రాస్తే అబద్ధమవుతుంది.

నువ్వు అడిగినవన్నీ వరసగా చెబుతాను. తింటోందా అన్నావు. పలచటి జావ, ఉప్పు లేని కూరగాయ ముక్కలు ఇస్తున్నారు. మొదట్లో చెంచా చూస్తేనే మొహం తిప్పుకునేది. ఇప్పుడు సణుక్కుంటూనే తింటోంది. సణుగుడు వినపడ్డ రోజున మన పిల్ల మనకు దక్కేట్టుంది అనుకున్నాను. మడమ మీద పుండు మానింది. మంచం దిగని కాలికి పుండు మానక ఏం చేస్తుంది? ఇక, 'బాతు నడకకి కూడా పతకం ఇస్తారా' అని నవ్విన మన పక్కింటాయనకి, ఇస్తారని చెప్పు. ఒక పాదం నేల వదలకముందే రెండో పాదం నేలని తాకుతూ, పరుగు కాకుండా నడకే నడుస్తూ, ఆయన ఒక్క వీధి చివరిదాకా వెళ్ళి రాగలిగితే నేను ఆయనకి దండ వేస్తాను.

నీ ఉత్తరంలో చివర ఇంకో ప్రశ్న ఉంది. ఫోనులో అడిగినప్పుడల్లా 'ఇక్కడ గోలగా ఉంది, వినపడటం లేదు' అని తప్పించుకున్నాను. నాతో వేగలేక కాగితం మీద పెట్టావు. దానికీ జవాబు రాస్తాను. కాస్త ఓపిక పట్టు.

ఈసారి ఈ పరదేశం పోటీల్లో మనవాళ్ళకి పతకాల పంట అన్నారు కదా. పంట మాట దేవుడెరుగు, గింజ కూడా రాలలేదు. బాక్సర్లు వచ్చిన రెండు రోజులకే పెట్టెలు సర్దుకున్నారు. హాకీవాళ్ళు గెలిచిన ఆటని చివర్లో చేజార్చుకున్నారు. భోజనాల హాల్లో మన దేశం బల్ల దగ్గర చెంచాల చప్పుడు తప్ప మాట ఉండేది కాదు. ఆ స్థితిలో అందరి చూపూ మన చిన్నది ఉన్న నడక జట్టు మీద పడింది. ఊళ్ళో నవ్విన ఆటే దిక్కయింది. ముగ్గురమ్మాయిలూ గీత దాటితేనే జట్టు లెక్క. ఒకరు ఆగిపోయినా మిగతా ఇద్దరి నడకా నీళ్ళలో పోసినట్టే.

దానికి నడక నేర్పినవాణ్ణని జట్టుతో తెచ్చి నాకిచ్చిన పని నీళ్ళ బల్ల. పిల్లలు చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా సీసా అందించాలి. ఆ రోజు ఎండ పొద్దున్నుంచే పెనంలా ఉంది. మొదటి చుట్లలో చిన్నది సీసా అందుకుని సగం తాగి, సగం నెత్తిన పోసుకుంది. తర్వాత ఒకసారి చేయి తగిలి సీసా కిందపడింది. ఆ తర్వాత వచ్చినప్పుడు సీసా వైపు చూడనే లేదు. "తీసుకోవే" అని అరిచాను. నన్ను దాటిపోయింది.

మిగతా ఇద్దరూ గీత దాటేశారు. చిన్నది మలుపు తిరిగేసరికి అది దాని నడక కాదు. మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. తల ఒక పక్కకి వాలిపోయింది. నేను బల్ల వదిలేసి గీత దగ్గరికి పరిగెత్తాను. పడింది. లేచింది. మళ్ళీ పడింది. ఇదంతా నువ్వు టీవీలో చూశావు. చీఫ్ కోచ్ నా పక్కకి వచ్చి, "మాస్టారూ, ముట్టుకోకండి. ఎవరు చెయ్యేసినా పిల్లని పోటీలోంచి తీసేస్తారు, ముగ్గురి కష్టమూ బూడిదే" అన్నాడు. మోచేతుల మీద పాకి గీత దాటింది. మనకి మూడో స్థానం వచ్చింది. జెండా పైకి వెళ్ళేటప్పటికి అది ఆస్పత్రి బండిలో ఉంది.

ఎండదెబ్బకి కండలు చితికి ఆ విషం కిడ్నీల మీద పడిందట. రోజు విడిచి రోజు రక్తం శుభ్రం చేసే యంత్రానికి కలుపుతున్నారు. మళ్ళీ పోటీ నడక మాట ఎత్తొద్దని డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది. దానికి ఇంకా చెప్పలేదు. ఈ వారం కాస్త మూత్రం వస్తోందని నర్సు గాజు గొట్టం పైకెత్తి చూపించి నవ్వింది. వాళ్ళ భాష నాకు రాదు, నవ్వు అర్థమైంది. ఇక నీళ్ళంటావా, కొలిచి ఇస్తారు. "నాన్నా, ఒక్క గుక్క" అంటుంది. కూజా నా పక్కనే ఉంటుంది. తడిగుడ్డ పెదాలకి అద్దుతాను. అంతకంటే నా చేతిలో ఏమీ లేదు.

ఇప్పుడు నీ ప్రశ్న. 'పిల్ల పడిపోతుంటే చేతికందే దూరంలో ఉండి, రాయిలా ఎలా నిలబడ్డావు?' అని రాశావు. కోచ్ ఆపాడని అందరికీ చెప్పాను. పేపరువాళ్ళకీ, పెద్దదానికీ అదే చెప్పాను. పేపర్లో గుండె దిటవున్న తండ్రి అని రాశారు.

టీవీలో మాట వినపడి ఉండదు. రెండోసారి పడ్డప్పుడు అది నన్ను చూసింది. "నాన్నా, పట్టుకో" అంది. స్పష్టంగా అంది. కోచ్ అప్పటికి నా పక్కకి రాలేదు. ఆయన చెప్పకముందే నేను ఆగాను. చేతులు చంకల్లో పెట్టుకుని ఆగాను. ఆ కాసేపూ నా కళ్ళకి పిల్ల కనపడలేదే, గీత కనపడింది. ఇంకొంచెమే ఉంది, పాకితే చాలు అనుకున్నాను. మన కడుపున పుట్టినదాన్ని చూసి, పాకితే చాలు అనుకున్నాను.

దానికి ఆ చివరి భాగం ఏదీ గుర్తులేదు. నిన్న యంత్రం తీసేశాక దుప్పటి సర్దుతుంటే అడిగింది.

"నాన్నా, చివర్లో నీతో ఏమైనా అన్నానా?"

లేదని చెప్పేద్దామనుకున్నాను. నోరు రాలేదు.

"పట్టుకోమన్నావు."

నా వైపు తిరిగి, భయంభయంగా అడిగింది.

"పట్టుకోలేదు కదా?"

"లేదమ్మా."

"హమ్మయ్య" అంది. కళ్ళు మూసుకుని నిద్రపోయింది. నిద్రలో మొహం ఎంత తేటగా ఉందో.

నేను వరండాలోకి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాను. అది కోప్పడి ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణి. ఏడిస్తే కలిసి ఏడ్చేవాణ్ణి. హమ్మయ్య అన్నదాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళూ పక్కనే నడిచి దానికి నేను నేర్పింది ఇదేనా?

ఇది పెద్దదానికి చదివి వినిపించకు, నెలలు నిండిన మనిషి. నువ్వు మాత్రం జవాబు రాయి. దయతలచి మంచి మాటలు రాయకు. నీకు ఎంత కోపం వస్తే అంతా రాయి. ఇక్కడ నన్ను తిట్టేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇట్లు,
చిన్నదాని నాన్న