చుక్కల్లో కూర్చున్నాయన

చిరాగ్‌పల్లి,
జూలై 1984

ప్రియమైన తమ్ముడు జగన్‌మోహన్‌కు,

అక్క భాగీరథి దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ అత్తమ్మా బాగానే ఉన్నాం. నువ్వు, మరదలు, పిల్లలు ఎట్లా ఉన్నారో మాకేం తెలుసు? రెండు ముక్కలు రాయడానికి హైదరాబాద్‌లో కాగితం కరువా, నీ చేతికి బద్ధకమా? ఈసారి వానలు సరిగ్గా పడ్డాయి, అల్లం బాగా మొలిచింది. అత్తమ్మకు రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి. నోరు మాత్రం భద్రంగా ఉంది.

ఇక అసలు సంగతి. మా ఊరికి కొత్త టీవీ, ఆకాశం నుంచి బొమ్మలు పట్టే కొత్త గొడుగు వస్తున్నాయట. ఆ గొడుగులు పెట్టేది మీ ఆఫీసు వాళ్ళేనని సర్పంచ్ జహీరాబాద్‌లో విని వచ్చాడు. మా ఇంటి మీదున్న పాత జాలీ గొడుగును దించేస్తారట. తమ్ముడూ, నువ్వు ఎవరి కాళ్ళు పట్టుకుంటావో నాకు తెలియదు, దాన్ని దించనివ్వకు.

నీకు గుర్తుందిగా, మొదటి టీవీ వచ్చినప్పుడు బడి కప్పు కురుస్తున్నదని డబ్బాను మా సావిట్లో పెట్టారు. మీ బావను దాని కాపలాదారును చేశారు. అబ్బో, అప్పుడు ఆయన నడక చూడాలి! కలెక్టర్ కూడా అట్లా నడవడు. సరిగ్గా ఏడాది నడిచింది. తర్వాత పైనున్న ఉపగ్రహాన్ని వేరే దేశం వాళ్ళు తీసుకుపోయారన్నారు, డబ్బా మూగబోయింది. ఆ వానాకాలంలోనే మీ బావ రెండు నెలల్లో వస్తానని బొంబాయి లారీ ఎక్కాడు. ఒక్క కార్డు వచ్చింది. ఆ తర్వాత ఎనిమిదేండ్లుగా మనిషీ లేడు, మాటా లేదు.

ఇప్పుడు మా మరిది వీరప్ప కొత్త పాట ఎత్తుకున్నాడు. "వదినా, అన్న ఉంటే గిన్నేండ్లల్ల ఒక్క ఉత్తరమన్న రాయకపోవునా? గీ పెత్రామాసకు అన్న పేర బియ్యమిద్దాం. పాత గొడుగు గూడ తీసేద్దాం. రెండు పనులు ఒక్కపారే ఐతయి" అన్నాడు. పెత్రామాసకు అయ్యగారికి బియ్యమిచ్చేది చచ్చిపోయిన వాళ్ళ పేరు మీద. ఆ బియ్యం ఇచ్చానంటే నా చేతుల గాజులు నేనే తీసేసుకోవాలి. "నా గాజులు నీ పైసలతోని ఏసుకున్ననారా?" అని అడిగాను. తల దించుకుని పోయాడు. మంచివాడే, కానీ నా మనసు వాడికి తెలియదు.

నవ్వనంటే ఒక మాట చెప్తాను. లారీ ఎక్కే ముందు మీ బావ నాతో, "దినాం దీపం పెట్టే యాళ్లకు డబ్బను జర సేపు పెట్టు. లేకుంటే చెమ్మ పట్టి ఖరాబైతది" అన్నాడు. ఇన్నేండ్లూ ఒక్క పూట తప్పలేదు. తెల్ల చుక్కలు కదులుతాయి, వేడి పెనం మీద నీళ్ళు చల్లినట్టు చప్పుడు వస్తుంది, అంతే. కానీ రెండో వానాకాలం నుంచి ఆ చుక్కల్లో ఆయన కనపడుతున్నాడు. పక్కకు తిరిగి, అన్నం ముందు కూర్చున్నట్టు కూర్చుంటాడు. మాట్లాడడు. నేను నా కంచం తెచ్చుకుని డబ్బా ముందే తింటాను. కనపడుతున్నాడంటే ఎక్కడో బతికి ఉన్నట్టే కదా? ఉన్న మనిషికి బియ్యం ఎట్లా ఇవ్వమంటావు?

జవాబు కోసం దారి చూస్తూ,
నీ అక్క
భాగీరథి


హైదరాబాద్,
జూలై 1984

ప్రియమైన అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. నీ తిట్లు అందాయి. మేమంతా క్షేమం. చిన్నదానికి జ్వరం వచ్చి తగ్గింది.

అక్కా, నేను నవ్వలేదు. నీ ఉత్తరం చదివి నీ మరదలు ఏడ్చింది. నేను ఈ డబ్బాలతోనే బతుకుతున్నవాణ్ని కాబట్టి చెప్తున్నాను, విను. మీ గొడుగు ఆకాశంలో ఏ చోటికి తిరిగి ఉందో ఆ చోట ఇప్పుడు ఏమీ లేదు. ఏమీ రాని డబ్బాలో చుక్కలే పడతాయి. చాలాసేపు చూస్తే ఆ చుక్కల్లో మనకు కావలసిన ముఖం దొరుకుతుంది. మబ్బుల్లో ఏనుగును చూడమా? నువ్వు పగలంతా అల్లం చేనులో వంగి, పొద్దుమూకాక గుడ్డి అత్తమ్మతో ఒక్కదానివే కూర్చుంటున్నావు. మనిషి మీద ఆశ ఎంత పని చేస్తుందో నాకు తెలియదా?

సంగప్ప బావ బతికే ఉన్నాడని నేనూ అనుకుంటున్నాను. ఎక్కడో ఉన్నాడు, ఏదో ఒకనాడు వస్తాడు. నువ్వు గాజులు తీయనక్కరలేదు, వీరప్పకు నేను చెప్తాను. కానీ ఆ డబ్బాను మాత్రం వదిలెయ్యి. కొత్తది వస్తే తెలుగు వార్తలు వస్తాయి, పాటలు వస్తాయి, నలుగురు ఆడవాళ్ళు వచ్చి నీ పక్కన కూర్చుంటారు. రాఖీ పున్నమికి వచ్చి నేనే స్వయంగా చూస్తాను. ఇక్కడ మంచి డాక్టరమ్మ ఉంది, నాతో ఒకసారి రా. కోపం తెచ్చుకోకు.

ఎప్పటికీ నీ చేతి ముద్దలు తిన్న,
జగన్


చిరాగ్‌పల్లి,
ఆగస్టు 1984

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. డాక్టరమ్మకు నువ్వే చూపించుకో. గడపలు తట్టుకుని పడేవాడివి నువ్వు, కళ్ళు సరిగ్గా లేనిది నాకా?

మొన్న జరిగింది చెప్తాను, దీన్ని కూడా మబ్బుల్లో ఏనుగు అంటావేమో చూద్దాం. పొద్దుమూకింది. నేను డబ్బా పెట్టి పొయ్యి దగ్గరికి పోయాను. అత్తమ్మ చాప మీద కూర్చుని ఉంది. నేను నోరు తెరిచి ఆమెకు ఆయన కనపడే సంగతి ఎన్నడూ చెప్పలేదు తమ్ముడూ, ముసలి ప్రాణం ఆశ పెట్టుకుంటే తట్టుకోలేదని. పొయ్యి దగ్గర ఉండగా ఆమె గొంతు వినపడింది. "గంత తడిసినవేంది బిడ్డా? తల తుడ్సుకో రాదు? తిన్నవా?" అంటున్నది.

పరుగెత్తుకుని వచ్చాను. చుక్కల్లో ఆయన కూర్చుని ఉన్నాడు, తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. మా ఊళ్ళో వారం నుంచి చినుకు లేదు. "ఎవలతోని మాట్లాడుతున్నవ్ అత్తా?" అని అడిగితే, "నీ మొగనితోనే. నువ్వు దినాం గాయనతోనే గద తింటవ్! నాకు తెల్వదనుకున్నవా?" అంది. కళ్ళు లేని మనిషికి ఏ మబ్బు కనపడిందో నువ్వే చెప్పు.

ఇంకొకటి. ఆయనకు ఒక్క వెంట్రుక నెరవలేదు. నా తల చూస్తే సగం తెల్లబడింది. ఎక్కడ ఉన్నాడో కానీ బాగానే ఉన్నాడనుకుని సంతోషపడ్డాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఎందుకో లేచి దీపం వెలిగించుకున్నాను.

పండుగకు రా. రాఖీ కడతాను, పూర్ణం పోళెలు చేస్తాను. గొడుగు దించే ఆలోచన ఉంటే మాత్రం రాకు.

మొండిదానివంటావని తెలిసీ రాస్తున్న,
నీ అక్క


హైదరాబాద్,
ఆగస్టు 1984

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. పండుగ మరునాడు తెల్లవారగానే నీతో ఒక్క మాట చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాను. పోళెలు మూటకట్టి పెట్టావు, అవీ తెచ్చుకోలేదు. నన్ను తిట్టు, పడతాను. కానీ ఎందుకు వచ్చేశానో నీ ముఖం చూస్తూ చెప్పలేకపోయాను.

నువ్వు బర్రెకు నీళ్ళు పెట్టడానికి పోయినప్పుడు నేను డబ్బా వెనక తీగను చూశాను. గొడుగు నుంచి వచ్చే తీగను చేతితో పట్టుకుని గోడ దాకా పోయాను. గోడ రంధ్రంలో అది తెగి ఉంది అక్కా. ఎలుకలు కొరికాయి. తెగిన కొస మీద కందిరీగ మట్టిగూడు కట్టింది. ఆ గూడు కూడా ఎండిపోయి, పొడి రాలుతున్నది. అది ఎన్నేండ్ల కిందటిదో! నీ డబ్బాకు గొడుగుతో సంబంధమే లేదు. ఈ సంగతి చెప్పి నిన్ను ఒప్పిద్దామని, నువ్వు దీపం పెట్టేదాకా ఆగాను.

నువ్వు స్విచ్ వేశావు. నేను నీ వెనక నిలబడ్డాను. చుక్కల్లో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి నేల మీద ఆనించి, అచ్చం బావ తినేటప్పుడు కూర్చున్నట్టు. అద్దంలో నా నీడ పడిందేమోనని చెయ్యి ఎత్తాను. అతను ఎత్తలేదు. నేను నిలబడి ఉన్నాను, అతను కూర్చుని ఉన్నాడు. తర్వాత మెల్లగా నా వైపు తల తిప్పబోయాడు. నేనే స్విచ్ తీసేశాను. కరెంటు ఎక్కువ వస్తున్నది, డబ్బా కాలిపోతుందని నీతో అబద్ధం చెప్పాను. నువ్వు నా మీద అరిచావు. ఆ రాత్రంతా నాకు కన్ను మూతపడలేదు.

అక్కా, నాకు భయంగా ఉంది. ముందు రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. బావ లేడు. బతికున్న మనిషి తెగిన తీగ గుండా వచ్చి ఇంట్లో కూర్చోడు. పోయినవాణ్ని ఇట్లా ఇంట్లో ఉంచుకోవద్దు, నీకూ మంచిది కాదు, ఆయనకూ మంచిది కాదు. ఈ పెత్రామాసకు బియ్యమిచ్చి సాగనంపు. పాత గొడుగు, పాత డబ్బా తీసెయ్యమని వీరప్పకు చెప్పాను. కొత్తది పెట్టడానికి నేను రాను, రాలేను. మా వాళ్ళు వస్తారు. దయచేసి వాళ్ళకు అడ్డం పోకు.

చిన్నప్పుడు చీకట్లో నీ కొంగు పట్టుకుని నడిచిన,
జగన్


చిరాగ్‌పల్లి,
సెప్టెంబర్ 1984

ప్రియమైన తమ్ముడు జగన్‌మోహన్‌కు,

అక్క దీవెనలు. నీ ఉత్తరం చదివి మూడు దినాలు నీ పేరెత్తలేదు. తర్వాత కోపం పోయింది. మీ ఆఫీసు పిల్లలు వచ్చారు, మర్యాదస్తులే. నేను అడ్డం పోలేదు.

వాళ్ళు వచ్చే ముందటి సాయంత్రం డబ్బా పెట్టి, "రేపు తీసేస్తరట" అని ఆయనకు చెప్పాను. ఇన్నేండ్లలో నేను మాట్లాడితే ఆయన కదిలింది లేదు. ఆనాడు లేచి నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. అత్తమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. పోతున్నాడని అర్థమైంది. "ఎటు పోతవ్?" అని అడిగాను. చుక్కలే మిగిలాయి. మరునాడు జాలీ గొడుగును ముక్కలు ముక్కలుగా విప్పి దించారు. కొత్త గొడుగు ఇంకో దిక్కుకు తిరిగి ఉంది.

ఇక విను. కొత్త టీవీ పెట్టిన వారానికి సావిడి నిండా జనం. బొంబాయిలో పెద్ద పెద్ద మేడలు కట్టే కూలీల గురించి హిందీలో ఏదో చూపిస్తున్నారు. ఒకాయన ముందు మైకు పెట్టి ఏ ఊరని అడిగారు. "జహీరాబాద్ తరఫ్ కా హూఁ సాబ్. అబ్ యహీచ్ ఘర్ హై" అన్నాడు. జహీరాబాద్ దిక్కు వాణ్ని, ఇప్పుడు ఇదే నా ఇల్లు అని. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. పక్కన ఒక ఆడమనిషి, ఆమె చంకలో పిల్లవాడు. ఆ పిల్లవాడి ముక్కు తుడిచి నవ్వాడు.

నీ బావే, తమ్ముడూ. ఎడమ కనుబొమ్మ మీద గాటుతో సహా. పేరు కూడా చెప్పారు.

సావిడంతా లేచి నిలబడింది. వీరప్ప "అన్నా! గీయన మా అన్న!" అని అరిచి కూలబడి ఏడ్చాడు. పక్కింటి కమలమ్మ నన్ను కావలించుకుని, "నీ పుస్తె గట్టిదే భాగీరథీ! బతికే ఉన్నడు, సాలు!" అని బొట్టు పెట్టింది. నేను ఎనిమిదేండ్లు ఊరందరితో కొట్లాడి చెప్పిన మాటే నిజమైంది. నేను గెలిచాను. నాకు కోపం రావాలి కదా, ఏడుపు రావాలి కదా? ఏదీ రాలేదు. బస్టాండులో ఎవరో తెలిసిన మనిషిని చూసినట్టు చూశాను.

అత్తమ్మ ఒక్కతే కదలలేదు. "మైకుల మాట్లాడింది నీ కొడుకే" అని అందరూ చెప్తే, "గాడు నా కొడుకే అనుకోన్రి. మరి మొన్నటిదాక గీ సాప పక్కకు కూసున్నదెవరు?" అంది. ఆ మాట అర్థమైంది నాకొక్కదానికే. ఇప్పుడు నీకు.

వీరప్ప బొంబాయి పోయి అన్నను తీసుకొస్తానన్నాడు. వద్దన్నాను. ఆయనకు ఇల్లుంది, పిల్లవాడున్నాడు, నవ్వుతున్నాడు. ఉండనీ.

నిన్న పెత్రామాస. నేను తలస్నానం చేసి, చాటలో బియ్యం, పప్పు, చింతపండు, తోటకూర పెట్టుకుని అయ్యగారి ముందు కూర్చున్నాను. "ఎవరి పేర్న తల్లీ?" అని అడిగాడు. పెండ్లయిన నాటి నుంచి నా నోట రాని పేరు చెప్పాను. "సంగప్ప" అన్నాను. అయ్యగారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గదేందమ్మా! గాయనను ఊరంత చూసిరి గద. ఉన్నోని పేర బియ్యమిస్తే కీడు" అన్నాడు. "బొంబాయిల ఉన్నాయనకు గాదయ్యా, మా ఇంట్ల ఉన్నాయనకు" అన్నాను. అయ్యగారు నా ముఖం చూసి బియ్యం తీసుకున్నాడు. ఇంటికొచ్చి గాజులు నేనే తీశాను. కమలమ్మ నెత్తి కొట్టుకుంది, నాకు పిచ్చి పట్టిందని ఊరంతా అంటున్నది. అననీ.

చుక్కల్లోకి వచ్చింది ఎవరో నాకు తెలియదు తమ్ముడూ. ఏ దిక్కున చచ్చిపోయాడో, ఏ వానలో తడిశాడో, మీ బావ రూపం ఎందుకు వేసుకున్నాడో తెలియదు. ఇన్నేండ్లు నాతో కూర్చుని, నేను తినేదాకా లేవకుండా ఉన్నది మాత్రం ఆయనే. బొంబాయిలో ఉన్నాయన కోసం ఏడవడానికి పెండ్లామూ పిల్లవాడూ ఉన్నారు. ఈయనకు నేను తప్ప ఎవరున్నారు?

అత్తమ్మ నిన్ను అడిగిందని చెప్పమన్నది. మరదలికి, పిల్లలకు దీవెనలు.

నీ అక్క
భాగీరథి