గేటు కాడ అంబలి

స్వామీ,

మన చర్చి గుడిలో పీఠానికి పూలు పెట్టేదాన్ని, చిత్తూరు ఆస్పత్రి నుంచి రాస్తా ఉండాను. ఫోన్లో చెప్పుకోలేక ఈ చీటీ మా ఆయన చేతికిచ్చి పంపుతా ఉండాను.

మొన్న ఆదివారం ఆస్పత్రిలో పాపను మా ఆయనకు అప్పజెప్పి పూజకు వస్తా ఉంటే, ఈడి గేటు కాడ అంబలి బండి మునెమ్మ నన్ను నిలబెట్టింది. "మొగం సూడు, ఎట్ట వాడిపోయిందో" అని గ్లాసు చేతికిచ్చింది. పాప దిగులుతో రెండు దినాలుగా తిండి లేదు, తాగేసినాను. పూజలో మీరిచ్చే సత్ప్రసాదపు అప్పానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదని, అది నాలుక మీద పెట్టించుకున్నాకనే గుర్తొచ్చింది.

ఆ సాయంత్రమే పాపకు జ్వరమొచ్చింది. దాని గుండె ఆపరేషన్ రేపటికి వాయిదా వేసినారు. నా తప్పు బిడ్డకు తగిలిందేమో స్వామీ. మీరు వచ్చి, నా తప్పు ఒప్పుకునే పాపసంకీర్తనం వినేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని నిన్న రాత్రి మొక్కుకున్నాను.

ఈ పొద్దున మునెమ్మ చెంబుతో అంబలి తీసుకోని పాప మంచం కాడికే వచ్చింది. ఆమెకు మన దేవుడు తెలీదు. నా మొక్కు సంగతి చెప్తే, పాప తల నిమరతా అడిగింది: "పస్తుండమని మీ దేవుడు నీకు చెప్పినాడా, నీకు అంబలి పొయ్యమని నాకు చెప్పినాడా?"

ఆమె పోసిన నిండు గ్లాసు పక్కన పెట్టుకోని, అదే మాట మిమ్మల్ని అడగతా ఉండాను.